అరవై దాటాక బాంజో సాధన ఎలా చేయాలి?

నేను చెప్పబోయేది అయిదు తీగల అమెరికన్ బాంజో గురించి. టైప్‌రైటర్ మీటల్లాంటివి ఉండే బుల్‌బుల్ తరంగ్‌ను కూడా మనవాళ్లు బాంజో అంటారు గానీ అది వేరే వాద్యం. ఉద్యోగ విరమణ తర్వాత చెన్నైలో, మాంబళంలోని మా ఇంట్లో దీన్ని చేతిలోకి తీసుకున్నాను. చిన్నప్పటి సరళీ స్వరాలే నాకు దారి చూపాయి.

మొదట శ్రుతి. ఎక్కువమంది వాడే ఓపెన్ జి శ్రుతిలో అయిదో తీగ నుంచి వరుసగా జి, డి, జి, బి, డి. జి ని షడ్జమంగా తీసుకుంటే అవి తార షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, అంతర గాంధారం, పంచమం. పొట్టిగా ఉండే అయిదో తీగ, వీణ మీది తాళపు తీగల్లాగే, ఎప్పుడూ ఒకే స్వరం పలుకుతుంది. ఇది తెలిసిన రోజున నాకు బెరుకు పోయింది.

కూర్చుని వాయించినా భుజానికి పట్టీ వేసుకోండి. వెనుక రెజొనేటర్ (నాదాన్ని పెంచే చెక్క మూత) ఉన్న బాంజో నాలుగైదు కిలోలుంటుంది. పట్టీ లేకపోతే ఆ బరువు ఎడమచేతి మీద పడుతుంది. నేను మణికట్టు నొప్పితో రెండు నెలలు పోగొట్టుకున్నాను. కొత్తగా కొనేవారికి ఆ మూత లేని, తేలికైన ఓపెన్ బ్యాక్ బాంజో మేలు.

వాయించే ముందు చేతులను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి. గంటసేపు ఒకేసారి కూర్చోవడం కన్నా ఉదయం పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు మంచిది. వేళ్లు తిమ్మిరెక్కినా నొప్పి పుట్టినా వెంటనే ఆపండి.

ఇక అసలు సాధన కుడిచేతిది. మొదటి వారాల్లో ఎడమచేతికి పని పెట్టకండి. బొటనవేలు, చూపుడువేలు, బొటనవేలు, మధ్యవేలు: ఈ వరుసలో 3, 2, 5, 1 తీగలు, వెంటనే 4, 2, 5, 1 తీగలు మీటండి. నోటితో ‘తకధిమి తకధిమి’ అంటూ ఉండాలి. ఇది కుదిరాక బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వరుసలో 3, 2, 1. 5, 2, 1. చివర బొటనవేలితో 3, మధ్యవేలితో 1. ఇది ‘తకిట తకిట తక’. అక్షరాలు ఎనిమిదే అయినా నడక పూర్తిగా మారిపోతుంది. 1945లో అమెరికన్ గాయకుడు బిల్ మన్రో బృందంలో చేరిన బాంజో వాద్యకారుడు ఎర్ల్ స్క్రగ్స్ వల్ల పేరుపొందిన మూడు వేళ్ల బాణీకి ప్రాణం ఇలాంటి నడకలే. ఆయన వేగం విని తొందరపడకండి. ఫోనులో మెట్రోనోమ్‌ను (లయ దెబ్బలు వినిపించే యాప్) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకొక్క తీగ చొప్పున మొదటి కాలంలోనే నెల రోజులు ఉండండి. ప్రతి తీగా ఒకే బలంతో పలికితేనే రెండో కాలం.

అపార్టుమెంటులో చప్పుడు ఎక్కువనిపిస్తే, ఓపెన్ బ్యాక్ బాంజోలో వెనుకవైపు నుంచి లోపల అడ్డంగా ఉండే కడ్డీకీ, ముందువైపు బిగించిన పైపొరకూ మధ్య మెత్తటి గుడ్డ దూర్చండి.

సముద్రపు గాలికి ఉక్కు తీగలు తుప్పుపడతాయి, వాయించాక నూలుగుడ్డతో తుడవాలి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటిగానే మార్చండి. తీగల కింద ఉండే చెక్క ముక్క, అంటే బ్రిడ్జి, అతికించి ఉండదు, తీగల బిగువుతోనే నిలుస్తుంది.

ఎడమచేతిని కలిపేటప్పుడు మీకు నోటికి వచ్చిన పాటే ఎంచుకోండి. బాంజో నాదం త్వరగా ఆరిపోతుంది కాబట్టి దీర్ఘ గమకాలు దీని మీద నిలవవు. పాశ్చాత్య వరుసల మీద ముత్తుస్వామి దీక్షితులు శంకరాభరణంలో కట్టిన నొట్టుస్వరాలు మాత్రం ఈ శ్రుతిలో చక్కగా ఒదుగుతాయి. నేను వాటితోనే మొదలుపెట్టాను.