గో-కార్ట్ చైన్ మాటిమాటికీ ఊడిపోతుంటే ఇలా ఆపాను

గో-కార్ట్ అంటే నాలుగు చక్రాల చిన్న పైకప్పులేని బండి, దాన్ని నేనే కట్టుకున్నాను. ఇనుప పైపులు, స్కూటర్ చక్రాలు, పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఇంజిన్... అన్నీ విజయవాడ ఆటోనగర్ పాత సామాన్ల షాపుల్లో బేరమాడి తెచ్చినవే. 70 సీసీ ఇంజినే కదా అని తీసిపారేయకండి. దాంట్లో సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజిన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకునేది) ఉంటుంది, గేర్ల గొడవే లేదు.

తారు రోడ్డు మీద బండి బుద్ధిగానే నడిచింది. పొలం గట్టు ఎక్కించి యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం చైన్ టక్కున ఊడేది. చైన్ సాగిందన్నారు అందరూ. కొత్తది వేసినా అదే తంతు! చివరికి గడ్డపారతో వెనక చక్రాల్ని కలిపే యాక్సిల్ రాడ్‌ని ఇంజిన్ వైపు లాగి చూశాం. 25 ఎం.ఎం. రాడ్ మధ్యలో కళ్లకు కనపడేంత వంగింది. బేరింగులేమో రెండు చివర్ల, స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) నడిమధ్యన. గట్టు దగ్గర చైన్ లాగుడుకి రాడ్ వంగి, పళ్లు పక్కకి తిరిగిపోతున్నాయన్నమాట.

స్ప్రాకెట్ పక్కనే అడ్డంగా పైపు వెల్డ్ చేయించి, మూడో బేరింగ్, యూసీపీ 205 (25 ఎం.ఎం. రాడ్‌కి సరిపోయే, దిమ్మతో వచ్చే రకం), బిగించాను. వెల్డింగ్ అయ్యేదాకా బేరింగ్ బిగించొద్దు, కరెంట్ దాని గుండా పోతే గుండ్లు దెబ్బతింటాయి. మూడూ ఒకే వరసలో ఉన్నాయో లేదో దారం లాగి చూసి, తేడా ఉన్నచోట రేకు ముక్కలు పెట్టాను. ఇంజిన్ బోల్టు రంధ్రాలు పొడవుగా కోయిస్తే చైన్ బిగువు సరిచేసుకోవచ్చు. చైన్ మధ్యలో 20 ఎం.ఎం. వదులు ఉంటే చాలు.

ఇప్పుడు దుక్కిలో కూడా చైన్ కదలడం లేదు. దానికి రేకు కవర్ తప్పనిసరి. లుంగీతో వచ్చినవాళ్లని అసలు ఎక్కనివ్వను.