డిప్రెషన్ ఉన్న మనిషితో ప్రేమ నవల రాయాలనుకుంటే

ముందే ఒక మాట, హీరోయిన్ ప్రేమతో హీరో డిప్రెషన్ తగ్గిపోయినట్టు మాత్రం రాయకండి ప్లీజ్. "పెళ్లి చేసేయండి, అదే సర్దుకుంటుంది" అని మన ఇళ్లల్లో అననివాళ్లు లేరు, నవల కూడా అదే చెప్తే అలాంటి మనిషితో కాపురం చేస్తున్న అమ్మాయి చదివి నా ప్రేమ చాల్లేదేమో అనుకుంటుంది. నేను అలా అనుకుని నెలలు కుమిలిపోయినదాన్నే.

డిప్రెషన్ అంటే ఏడుపు సీన్లే కాదు. మా ఇంట్లో పొద్దున 7 గంటలకి ఇచ్చిన కాఫీ మధ్యాహ్నం దాకా మంచం పక్కనే తెట్టు కట్టి ఉండేది, ఏంటండీ అంటే తాగాలనే ఉంది చెయ్యి చాపలేకపోతున్నా అన్నారు మా ఆయన ఒకసారి. అలాంటివి రాయండి. తెల్లవారుజామున 3 గంటలకే మెలకువొచ్చి ఫ్యాన్ వంక చూస్తూ పడుకోవడం, బకెట్ పొర్లిపోతున్నా స్నానానికి కదలకపోవడం, ఆఫీసులో మామూలుగా నవ్వి ఇంటికొచ్చి కూలబడటం, అత్తగారు బద్ధకం అనడం, పక్కింటావిడ దిష్టి తీయమనడం, అన్నీ కథే.

కథలో టైమ్ సరిగ్గా నడపండి. కనీసం 2 వారాలు దాదాపు రోజంతా అలా ఉంటేనే డాక్టర్లు డిప్రెషన్ అంటారు, ట్యాబ్లెట్ వేసిన మర్నాడే ఎవరూ లేచి కూర్చోరు, గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోపు వికారం, నిద్ర తేడా రావచ్చు. కొన్ని మందులకి కోరిక కూడా తగ్గుతుంది, రాసేది ప్రేమ నవల కాబట్టి ఇది దాటేయకండి, ఆమె నేనంటే ఇష్టం పోయిందా అనుకోవడం, అతను సిగ్గుతో చెప్పలేకపోవడం, డాక్టర్‌కి చెప్తే మందు మార్చొచ్చని వాళ్లకి చాలా ఆలస్యంగా తెలియడం. బాగానే ఉన్నా కదా అని తనంతట తనే మందులు ఆపేస్తే మళ్లీ తిరగబెట్టొచ్చు, నవల మధ్యలో మలుపు అక్కడ దొరుకుతుంది.

డైలాగుల్లో "ధైర్యంగా ఉండు" వద్దు. "ఏవండీ, చారన్నం కలిపా, రెండు ముద్దలు తినండి, మాట్లాడక్కర్లేదు, నేనిక్కడే ఉంటా" చాలు.

హీరోయిన్‌ని దేవతని చేయకండి. విసుక్కోనివ్వండి, రెండ్రోజులు అక్క వాళ్లింటికి వెళ్లి నిద్రపోనివ్వండి. అతను చేయి చేసుకుంటే మాత్రం దాన్ని డిప్రెషన్ ఖాతాలో వేయొద్దు.

చావు ఆలోచన రాయాల్సొస్తే ఎలా అన్న వివరాలు అస్సలు వద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని ఆమె సూటిగా అడగొచ్చు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఏ రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఆ ఫోన్ సీన్ రాయండి.

ముగింపులో పూర్తిగా నయమైపోనక్కర్లేదు. మా ఆయన ఒక పొద్దున తనే లేచి రెండు కాఫీలు కలిపారు, చక్కెర వేయడం మర్చిపోయారు, నేనేం అనకుండా తాగేశా.