కుక్క గుమ్మం కొరికేసింది, ఇప్పుడేం చెయ్యాలి?

ఇంటివాళ్లు ఊరెళ్తూ కుక్కని మీకప్పజెప్పారు, మీరు పావుగంట బయటికెళ్లొచ్చేసరికి హాలంతా కుషన్‌లోని దూది. ముందు అరవకండి. అయిపోయిన పనికి తిడితే దానికి అర్థం కాదు, మీరు తిరిగొస్తే భయపడాలని మాత్రం నేర్చుకుంటుంది. తల దించుకుని ఓరగా చూస్తుంటే తప్పు ఒప్పుకుంటోంది అనుకుంటాం గానీ, అది మన కోపానికి బెదిరిన చూపు.

విశాఖ చినవాల్తేరులో ఒకళ్ల కుక్కని చూసుకుంటున్నప్పుడు నాకిది బాగా తెలిసొచ్చింది. బీచ్‌లో నేవీ విన్యాసాల రిహార్సల్స్, నెత్తిమీంచి జెట్లు. సరిగ్గా అప్పుడే నేను పాల ప్యాకెట్‌కని కిందికి దిగాను. వచ్చేసరికి ద్వారబంధం కింది మూల జానెడు మేర లేదు. గడప మీద టేకు పేళ్లు, వాటి మీద చొంగ, అక్కడక్కడా ఎరుపు. పాలిష్ రంగేమో అనుకున్నా. కాదు, లాబ్రడార్ ముందుకాలి గోరు చీలి రక్తం కారుతోంది.

అందుకే చెక్క సంగతి తర్వాత, ముందు కుక్క. నోరు తెరిచి పళ్లు, చిగుళ్లు చూడండి, తర్వాత గోళ్లు. కుషన్ ముక్కలన్నీ ఒకచోట పేర్చి చూస్తే ఎంత మింగిందో ఓ అంచనా వస్తుంది. వాంతులు చేసుకున్నా, తిండి ముట్టకపోయినా ఆలస్యం చెయ్యకుండా వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం వెయ్యొద్దు, కుక్కలకి అవి ప్రమాదం.

తర్వాత, చీపురు పట్టకముందే ఫోటోలు. ఆ వెంటనే ఇంటివాళ్లకి ఫోన్. నేనిక్కడే తప్పు చేశాను, రాత్రిపూట ఎందుకులే, పొద్దున చెబుదాం అనుకున్నాను, ఈలోపు వాచ్‌మన్ చెప్పేశాడు. ఆ ఇంటావిడ గుమ్మం గురించి ఒక్కమాట అనలేదు, "నువ్వెందుకు చెప్పలేదమ్మా" అని మాత్రం రెండుసార్లు అడిగారు. ఇప్పుడైతే ఇలా చెప్తాను: "ఆంటీ, చెర్రీకి గోరు చీలింది, డాక్టర్‌కి చూపిస్తున్నా, మిగతా బానే ఉంది. గుమ్మం కింద కొరికేసింది, ఫోటోలు పంపించా. మీ కార్పెంటర్ ఉంటే నంబర్ ఇవ్వండి." సారీలు, కథలు తర్వాత.

వాళ్లు సరే అనేవరకు రిపేరు మొదలుపెట్టకండి. పైపై గీతలైతే సాండ్‌పేపర్, వుడ్ పుట్టీ, పాలిష్‌తో పోతాయి, లోతుగా పోతే కార్పెంటర్ ముక్క అతకాల్సిందే. ఉచ్చ పోస్తే అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడొద్దు, ఆ వాసనకి మళ్లీ అక్కడికే వస్తుంది. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది.

డబ్బు మాట తాళాలు తీసుకోకముందే తేల్చుకోవాలి, వాట్సాప్‌లో రెండు లైన్లు చాలు. నా పద్ధతి: నేను బయటికెళ్లొచ్చేందుకు మాట్లాడుకున్న టైం లోపల జరిగితే ఖర్చు వాళ్లది, ఆ టైం దాటి నేను బయట తిరిగితే నాది. మొహమాటపడి అన్నీ మీరే కట్టేస్తే ఈ పని ఎక్కువకాలం చెయ్యలేరు.

మిగిలిన రోజులు దాన్ని ఒంటరిగా వదలకుండా చూసుకోండి. తప్పకపోతే అది ఏం చేస్తుందో తెలిసేలా ఫోన్‌లో వీడియో రికార్డింగ్ పెట్టి వెళ్లండి. ఒంటరితనానికి భయపడే కుక్కలు ఎక్కువగా మనం వెళ్లిన తలుపు మీదే, అదీ మొదటి అరగంటలోపే పడతాయి. గదిలోనో కేజ్‌లోనో బంధిస్తే ఇంకా కంగారుపడి పళ్లు విరగ్గొట్టుకుంటాయి. రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే కాసేపు నాకుతూ కూర్చుంటుంది, బాగా భయపడ్డది మాత్రం దాన్ని కూడా ముట్టదు. దీపావళికి, ఉరుములకి ఎలా ఉంటుందో ముందే అడగండి.

"మా వాడు ఏమీ చెయ్యడండీ, బంగారం" అంటారు అందరూ. తాళాలు తీసుకునే రోజే వంగి తలుపు కింది అంచు చూడండి. పాత గోటి గీతలుంటే, అక్కడే వాళ్లముందే ఒక ఫోటో తీసుకోండి.