పవర్ బ్యాంకు మీద పాకాల చెరువు

హన్మకొండలో ముప్పై ఏళ్లు దుకాణాల బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు మూలకు పడ్డాయి. మేడారం జాతరకు ముందు మా మేనల్లుడు వచ్చి, "మామా, జాతరలో అందరి పవర్ బ్యాంకులూ ఒక్క తీరుగనే ఉంటాయి. నా దాని మీద అడవి బొమ్మ వెయ్యి, గుర్తుపడతా" అన్నాడు. రేకు బోర్డు అలవాటుతో ముందు థిన్నర్ గుడ్డ పెట్టి తుడిచాను. ప్లాస్టిక్ మెత్తబడి నా బొటనవేలు దాని మీద అచ్చుపడింది. వాడికి కొత్తది కొనివ్వాల్సి వచ్చింది.

కాబట్టి థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానీయకండి. చార్జింగ్ సగం ఉండగా కేబుల్ తీసేసి పని మొదలుపెట్టండి. డబ్బా మాత్రం విప్పొద్దు. కేబుల్ రంధ్రాలు, బటన్, లైట్లు మాస్కింగ్ టేపుతో మూయండి. వెనక ముద్రించిన అక్షరాలనూ అలాగే కాపాడండి. 10,000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు అని ఉంటే అది 37 వాట్ అవర్లు. విమానంలో చేతి సంచిలో తీసుకెళ్లేటప్పుడు ఆ అంకెలు చూస్తారు. వాటి మీద అడవి మొలిపిస్తే మీకే తంటా.

నున్నటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు. 400 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, దుమ్ము దులిపి, స్పిరిట్‌తో కాస్త తడిపిన గుడ్డతో తుడవండి. తెల్ల ప్రైమర్ పలచగా ఒక పూత వేసి ఆరనివ్వండి. బోర్డు పనిలోనైనా ఇందులోనైనా సగం కష్టం ఇక్కడే. దీన్ని తప్పించుకున్నవాళ్ల బొమ్మ నెలకే పొరలు లేస్తుంది.

ఇక బొమ్మ. నేషనల్ పార్కే కావాలంటే మన రాష్ట్రంలో ఉన్న మూడూ హైదరాబాద్ చుట్టే ఉన్నాయి. నాకు మాత్రం నర్సంపేట దాటాక వచ్చే పాకాల చాలు. గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిన చెరువు, చుట్టూ గుట్టలు, అభయారణ్యం. కేబుల్ గుచ్చినప్పుడు చేతిలో ఎటు పైకి ఉంటుందో చూసుకుని దిక్కు ఖాయం చేయండి. నేను ఒకసారి చూడక వేస్తే చెరువు ఆకాశంలో తేలింది.

అక్రిలిక్ రంగులే వాడండి. దూరం గుట్టలకు నీలంలో తెలుపు ఎక్కువ కలపాలి. దగ్గరికి వచ్చేకొద్దీ ముదురు ఆకుపచ్చ. నీళ్లకు వేరే రంగు వద్దు, ఆకాశానికి వాడిందే అడ్డగీతలుగా లాగండి. నేను ఆకాశానికి చేర్యాల బొమ్మల్లో నేపథ్యంగా వేసే ఎరుపు పెడతాను, అది నా పిచ్చి. బొమ్మ ముందు భాగంలో ఒక్క మోదుగ చెట్టు, ఆకుల్లేకుండా, కొమ్మలకు నారింజ చుక్కలు. మాఘ ఫాల్గుణాల్లో చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. పులిని వేయమని అడుగుతారు. అరచేయంత జాగాలో అది పిల్లి అయిపోతుంది, ఒప్పుకోకండి.

ప్రతి పూతా పలచగా ఉండాలి. లోహపు ఒళ్లు ఉన్నవాటి వేడి ఆ ఒంటి గుండానే బయటికి పోతుంది, కాబట్టి వాటికి ఒక వైపే వేస్తాను. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ వద్దు. లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఫ్యాను కిందే ఆరాలి. మర్నాడు నీళ్ల ఆధారం వార్నిష్ రెండు పూతలు వేసి, టేపు నిదానంగా లాగండి. నాలుగైదు రోజుల దాకా జేబులో పెట్టొద్దు, అంటుకుంటుంది.

వేలిముద్ర పడ్డ పాతది నేనే వాడుకుంటున్నా. ఆ ముద్ర చుట్టూ గీత గీసి గుట్టను చేశాను, బాగానే కుదిరింది. ఒకటే చూసుకుంటున్నా: ఒళ్లు ఉబ్బినట్టు కనిపిస్తే ఆ రోజే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేస్తాను, గుట్టతో సహా.