పచ్చిక పాఠాలు – 3: గడ్డి చచ్చిందా, నిద్రపోతోందా?

పోయిన పాఠంలో మన లాన్‌లో ఉన్నది మెక్సికన్ గడ్డో బెర్ముడానో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈసారి, సంక్రాంతి దాటేసరికి ఎండుగడ్డి రంగుకు తిరిగిన లాన్ నాడి చూద్దాం.

తిరుపతి చలికి గడ్డి చావదు. రెండూ వేడిని ఇష్టపడే రకాలే కాబట్టి రాత్రుళ్ళు చల్లబడితే పెరగడం మానేసి, రంగు తగ్గి ముడుచుకుంటాయి, అంతే. అసలు దెబ్బ నవంబరు వానల్లోనే పడుతుంది. నానిన ఎర్రమట్టిని మనమే తొక్కుతాం. అది ఎండి ఇటుకలా బిగుసుకుంటుంది, వేళ్ళకు గాలి ఆడదు.

2021 నవంబరులో ఊరిని ముంచిన వానల తర్వాత, జనవరికి మా ఇంటి ముందు సెంటు లాన్ గోనెపట్టా రంగుకొచ్చింది. "నీళ్ళు పెట్టు నాయనా, అదే లేస్తుంది" అన్నారు పక్కింటి పెద్దాయన. రోజూ పెట్టాను. లేచింది పాచి. నర్సరీ అతను యూరియా చల్లమన్నాడు. పొద్దున్నే మంచు తడి ఆరకుండానే గుప్పెళ్ళతో చల్లేసి, పైన నీళ్ళు కొట్టకుండా ఆఫీసుకు పోయాను. నాలుగు రోజులకు నేను చేయి విసిరిన తీరంతా గడ్డి మీద మాడు చారలుగా అచ్చుపడింది.

అందుకే ముందు పరీక్ష, తర్వాతే మందు.

మంచు ఆరాక మోకాళ్ళ మీద కూర్చుని పిడికెడు గడ్డి పట్టి లాగండి. బిగబట్టుకుంటే వేరు బాగున్నట్టే. చాపలా చుట్టుకుని లేచొస్తే కింద వేళ్ళను ఏదో కొరికేసింది. అక్కడ తవ్వితే తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు తలతో సున్నా చుట్టుకుని పడుకున్న వేరుపురుగు కనబడొచ్చు. మన వేరుశనగ రైతులకు పాత శత్రువే. లేదంటే చెదల మట్టిపూత ఉంటుంది. ఇక నేలమీద పాకే తీగను గోటితో గీకండి. లోపల తెల్లగా, తడిగా ఉంటే అది నిద్రపోతోంది. పుల్లలా పుటుక్కున విరిగితే ఆ తీగ మీద ఆశ వదులుకోవచ్చు.

నాకు బాగా నచ్చిన పరీక్ష స్క్రూడ్రైవర్‌ది. నీళ్ళు పెట్టిన మర్నాడు ఆరంగుళాల స్క్రూడ్రైవర్‌ను చేత్తోనే గుచ్చాలి, సుత్తి వాడకూడదు. మా ఇంట్లో గేటు నుంచి కుళాయి దాకా ఎక్కడ గుచ్చినా అంగుళం దిగలేదు. రెండడుగులు పక్కకు జరిగితే పిడి దాకా దిగిపోయింది. అప్పటిదాకా తెగులు అనుకుని టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే రోగం మా చెప్పులే.

ఆకు రంగు కూడా చూడండి. పాత ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని కొరత. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము కొరత. బకెట్లకు తెల్ల చారలు కట్టే బోరు నీళ్ళున్న ఇళ్ళలో ఈ రెండోదే ఎక్కువ, దానికి యూరియా ఎంత పోసినా దండగ. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి, కాస్త నిమ్మరసం పిండి, సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త.

నత్రజని కొరతే అని తేలినా తొందరపడొద్దు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అది పోయాకే సెంటుకు 200 గ్రాముల యూరియాను పొడి ఇసుకలో కలిపి, ఆరిన ఆకుల మీద చల్లి, వెంటనే నీళ్ళు కొట్టాలి. పెరగని గడ్డికి ఎరువేస్తే తినేది తుంగే.

ఈ వారం పని: కాగితం మీద మీ లాన్ బొమ్మ గీసుకుని, పది చోట్ల స్క్రూడ్రైవర్ ఎన్ని అంగుళాలు దిగిందో రాసుకోండి. బిగిసిన చోట్ల రంధ్రాలు పొడిచి ఇసుక, చివికిన పశువుల ఎరువు నింపడం వచ్చే పాఠం. గునపం ఎవరింట్లో ఉందో ఇప్పుడే అడిగిపెట్టుకోండి.