మోటార్ తిరగ్గానే బోర్డు రీసెట్ అవుతోందా? కోడ్ జోలికి వెళ్లకండి

లైన్ ఫాలోయర్ (నేల మీది గీత వెంట నడిచే చిన్న రోబో) చక్రాలు గాల్లో ఉన్నంతసేపూ బుద్ధిగా పనిచేస్తుంది. నేల మీద పెట్టగానే దాన్ని నడిపే బోర్డు ఆర్డుయినో ఊనో రీసెట్ అయి, ప్రోగ్రామ్ మళ్లీ మొదటికొస్తుంది. తప్పు దాదాపు ఎప్పుడూ చదరపు 9 వోల్టుల బ్యాటరీదే. అది స్మోక్ అలారానికి సరిపోతుంది గానీ మోటార్లకు కాదు. పసుపు గేర్ మోటార్ ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు ఒక్కోటి ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. ఆ బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి వోల్టేజి ఒక్కసారిగా కూలుతుంది.

మల్టీమీటర్‌ను బోర్డు మీది 5వి, జీఎన్‌డీ (గ్రౌండ్, అంటే నెగటివ్) పిన్‌ల మధ్య పెట్టి, చక్రాన్ని వేలితో ఒక్క క్షణం ఆపి చూడండి. 4.5 వోల్టుల కంటే కిందికి దిగితే దొంగ దొరికినట్టే. మీటర్ నెమ్మది, క్షణికమైన పతనాన్ని చూపకపోవచ్చు. అంకె కాస్త వణికినా అనుమానించాల్సిందే.

దాని బదులు రెండు 18650 లిథియం రీఛార్జబుల్ సెల్స్ సిరీస్‌లో పెడితే 7.4 వోల్టులు. బోర్డుకూ మోటార్లకూ మధ్య ఉండి మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్ తానే సుమారు 2 వోల్టులు మింగేస్తుంది, మిగిలింది 6 వోల్టుల మోటార్లకు సరిపోతుంది. నాలుగు పెన్సిల్ సెల్స్‌తోనే నడపాలంటే ఎల్298ఎన్ వద్దు, వోల్టేజి చాలా తక్కువగా మింగే టీబీ6612 డ్రైవర్ వాడండి.

డ్రైవర్ సప్లై టెర్మినల్స్ దగ్గర 470 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. గీత ఉన్న కాలు నెగటివ్, తిరగేస్తే పేలుతుంది. 104 (0.1 మైక్రోఫారడ్) సెరామిక్ కెపాసిటర్‌ను మాత్రం మోటార్ కాళ్లకే సోల్డర్ చేయాలి. డ్రైవర్ వైపు పెడితే మధ్యలోని వైరే యాంటెనాలా నాయిస్ వెదజల్లుతుంది.

బోర్డుకు వేరే బ్యాటరీ ఇచ్చినా రెండు గ్రౌండ్‌లూ కలపాలి. అది మరిచిపోతే మోటార్లు పిచ్చిపట్టినట్టు తిరుగుతాయి, లేదా అసలు కదలవు.