చలి ఒక్కసారిగా పడితే కారు, ఇల్లు పెట్టే పేచీలు

శ్రీకాకుళంలో, విజయనగరంలో నీళ్ళు గడ్డకట్టేంత చలి పడదు. కుళాయి పైపులు పగులుతాయని, డీజిల్ పేరుకుపోతుందని భయం అక్కర్లేదు. అవి లద్దాఖ్ వాళ్ళ కష్టాలు. కానీ డిసెంబరు, జనవరిల్లో ఉత్తరపు గాలి తిరిగిందంటే రెండు రోజుల్లోనే తెల్లవారుజాము మారిపోతుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కినా, సాలూరు నుంచి కొరాపుట్ వైపు వెళ్ళినా చలి ఇంకా ఎక్కువ. అప్పుడు వచ్చే ఇబ్బందుల్లో సగం అసలు రిపేర్లే కావు.

సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మని ఆగిపోతోంది

ముందు బ్యాటరీని అనుమానించండి. చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, ఇంజిన్ తిరగడానికి ఎక్కువ బలం అడుగుతుంది. కొత్త బ్యాటరీ దీన్ని తట్టుకుంటుంది, మూడు నాలుగేళ్ళు వాడినది దొరికిపోతుంది.

లైట్లు, ఏసీ, పాటలు అన్నీ ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారికి ఐదారు సెకన్లు చాలు, మధ్యలో అర నిమిషం ఆగండి. టెన్షన్‌తో పట్టుకుని నొక్కుతూ ఉంటే ఉన్న ఛార్జీ కూడా పోతుంది. టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుందేమో చూడండి. ఉంటే నెగటివ్ వైరు ముందు విప్పి, వంట సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, తుడిచి, నెగటివ్‌నే చివర్లో బిగించండి. మల్టీమీటరు ఉంటే బండి తీయకముందు పొద్దున్నే చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి దిగినట్టు. ఛార్జ్ చేయించినా మర్నాటికి మళ్ళీ దిగిపోతే కొత్తది కొనాల్సి రావచ్చు.

సెల్ఫ్ జోరుగా తిరుగుతూ కూడా ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీని తిట్టకండి. డీజిల్ కారైతే తాళం తిప్పాక డాష్‌బోర్డు మీద స్ప్రింగు చుట్టలా వెలిగే గుర్తు ఆరేదాకా ఆగాలి. బేగి వెళ్ళాలన్న తొందరలో చాలామంది ఆగరు. ఇంజెక్షన్ బైకులకు చోక్ ఉండదు. తాళం తిప్పాక పెట్రోలు అందించే పంపు శబ్దం ఆగనిచ్చి అప్పుడు సెల్ఫ్ కొట్టండి.

ముందు అద్దం మసకబారుతోంది

లోపలి వైపు నుంచి వేలితో గీసి చూడండి. గీత పడితే మంచు లోపలే ఉంది. మన ఊపిరిలోని తేమ చల్లటి అద్దానికి పడుతోందన్నమాట. గాలిని అద్దం వైపు తిప్పి, బయటి గాలి వచ్చేలా పెట్టి, ఏసీ వేసి, నాబ్ వేడి వైపు తిప్పండి. చలిలో ఏసీ ఏంటని నవ్వొద్దు, తేమను లాగేసేది అదే. గీత పడకపోతే మంచు బయట ఉంది, వైపరు చాలు. చల్లటి అద్దం మీద వేడినీళ్ళు మాత్రం పోయకండి, పగులుతుంది.

టైరు గాలి తగ్గినట్టు లైటు వెలిగింది

పంక్చరే కానక్కర్లేదు. ఐదారు డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ పడిపోతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసినంత కొట్టించండి. ఒక్క టైరే తగ్గితే అది పంక్చరే కావచ్చు.

హైవే మీద పొగమంచు, ఏమీ కనబడటం లేదు

హైబీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మన కళ్ళలోకే వస్తుంది. లోబీమ్ వేసి నెమ్మదిగా పోండి. ఆగాల్సి వస్తే రోడ్డు పక్కన కాదు, పూర్తిగా దిగి ఏ ధాబా ఆవరణలోనో, బంకులోనో ఆగండి.

గీజరు నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయి

మేడ మీది ట్యాంకు నీళ్ళే చల్లబడ్డాయి కాబట్టి కాగడానికి ఎక్కువ సేపు పడుతుంది. గంట ఆగినా అంతేనంటే లోపల నీళ్ళు కాచే రాడ్డు మీద సున్నం పొర కట్టి ఉండొచ్చు, బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇది మామూలే. ఎలక్ట్రీషియన్‌తో తీయించండి.

ఇడ్లీ పిండి పొంగకపోతే గిన్నెను దుప్పటిలో చుట్టి పెట్టండి. పాలు కాస్త వేడిగా ఉండగానే, తోడు కొంచెం ఎక్కువ వేయండి. కొబ్బరి నూనె గడ్డకట్టిందని కంగారు వద్దు, 24 డిగ్రీల దగ్గర అది పేరుకుంటుంది.

గది వెచ్చగా ఉంది, కానీ తలనొప్పి, వికారం

ఇదొక్కటి మాత్రం ప్రాణాల మీదికి వచ్చేది. బాలింతల గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయడం మన వైపు అలవాటు. బొగ్గులు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే స్పృహ తప్పిస్తుంది. గాలి ఆడని బాత్రూములో గ్యాస్ గీజరుతోనూ, షట్టరు వేసిన షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో ఉంచినా ఇదే ప్రమాదం. పొగ రావడం లేదు కదా అని పెద్దవాళ్ళు వాదిస్తారు. వినకండి, గది వేడెక్కాక కుంపటి బయట పెట్టి అప్పుడు పడుకోమనండి. తల దిమ్ముగా అనిపిస్తే కారణం వెతుకుతూ కూర్చోకుండా అందరినీ బయటి గాలికి తీసుకెళ్ళి 108కి ఫోన్ చేయండి.